మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ఒకటే కంప్యూటర్. ఒకటే తెర. దాని ముందు ఒకరు కూర్చుని ఉంటారు. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల మరొకరు అదే తెరను చూస్తూ, అదే మౌస్‌ని కదుపుతూ ఉంటారు. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ ఇంతకన్నా సుఖం లేదు. ఇద్దరూ ఒకేసారి పెత్తనం చేయబోతేనే... అసలు కథ మొదలవుతుంది!

2015 డిసెంబరు 23. ఉక్రెయిన్ పశ్చిమాన ఉన్న ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ ప్రాంతం. అక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ కంట్రోల్ రూమ్‌లో మధ్యాహ్నం మూడున్నర కావస్తోంది. డ్యూటీ దిగేముందు కాగితాలు సర్దుకుంటున్న ఒక ఆపరేటర్ యథాలాపంగా తెరవైపు చూశాడు. మౌస్ బాణం తనంతట తానే కదులుతోంది! అటూ ఇటూ తచ్చాడలేదు, దారి తెలిసినట్టు నేరుగా ఒక సబ్‌స్టేషన్ బ్రేకర్ల బొమ్మ దగ్గరికి వెళ్ళింది. బ్రేకర్ తెరవమని నొక్కింది. నిజంగానే తెరవాలా అని కంప్యూటర్ అడిగింది. అవునని మళ్ళీ తనే నొక్కింది. ఆ సబ్‌స్టేషన్ కింద ఉన్న ఊళ్ళన్నీ చీకటైపోయాయి.

ఆపరేటర్ గబుక్కున మౌస్ అందుకున్నాడు. ఎంత కదిపినా బాణం మాట వినలేదు. అది ఇంకో బ్రేకర్ వైపు వెళుతుండగానే ఆయన లాగిన్ తెగిపోయింది. మళ్ళీ లోపలికి వెళ్దామంటే పాస్‌వర్డ్ మారిపోయింది. తన కుర్చీలో తాను కూర్చునే ఉన్నాడు, తన కంప్యూటర్ తన ముందే ఉంది. చేయగలిగింది మాత్రం చూస్తూ కూర్చోవడమే. ఆ సంస్థలో ఒకరు ఈ ‘దెయ్యం మౌస్’ని ఫోన్లో వీడియో తీశారు కూడా.

ఆ రోజు ఒక్కటి కాదు, మూడు పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. సుమారు 2 లక్షల 25 వేల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. డిసెంబరు నెల, చలికాలం!

తర్వాత పరిశోధకులు తవ్వితే తేలింది ఏమిటంటే... దాడి చేసినవాళ్ళు నెలల ముందే ఉద్యోగులకు ఉత్తుత్తి ఈమెయిళ్ళు పంపి, వాటికి జతచేసిన వర్డ్ ఫైళ్ళ ద్వారా లోపలికి దూరారు. ఓపిగ్గా కూర్చుని పాస్‌వర్డులు పోగుచేసుకున్నారు. చివరిరోజున వాడింది మాత్రం బ్రహ్మవిద్యేమీ కాదు. దూరం నుంచి పనిచేసుకోవడానికి ఆ సంస్థలు మామూలుగా ఉంచుకున్న దారినే వాళ్ళూ వాడుకున్నారు. ఇంటి తాళం పగలగొట్టలేదు, తాళంచెవి సంపాదించి తలుపు తీసుకుని వచ్చారన్నమాట. పైగా పోతూపోతూ సబ్‌స్టేషన్లకు ఆదేశాలు చేరవేసే పరికరాల్లోని సాఫ్ట్‌వేర్‌ని చెడగొట్టారు. ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేసేవాళ్ళకు లైన్ దొరక్కుండా కాల్‌సెంటర్‌ని ఉత్తుత్తి కాల్స్‌తో ముంచెత్తారు.

మరి కరెంటు ఎలా వచ్చింది? మనుషులు బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్ళారు. అక్కడ బ్రేకర్లను చేత్తో మూశారు. గంట నుంచి ఆరుగంటల లోపే అన్నిచోట్లా దీపాలు వెలిగాయి. పాతకాలపు చేతి ఏర్పాటును తీసేయకుండా ఉంచుకోవడమే వాళ్ళను కాపాడిందని నిపుణులు ఆ తర్వాత పదేపదే చెప్పారు. మరుసటి ఏడాది డిసెంబరులో రాజధాని కీవ్‌కు కరెంటిచ్చే సబ్‌స్టేషన్ మీద మళ్ళీ దాడి జరిగింది. ఈసారి బాణం కదల్చడానికి మనిషి కూడా అక్కర్లేకపోయింది, బ్రేకర్లతో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్‌ను వదిలారు. గంటా పదిహేను నిమిషాల్లో సరిచేసుకున్నారు, అదీ చేత్తోనే.

చిన్న మీట... పెద్ద భరోసా

మన ఊరి పొలిమేరలో ఉండే సబ్‌స్టేషన్‌కి ఎప్పుడైనా వెళితే బ్రేకర్ ప్యానెల్ మీద చూడండి. తిప్పుడు మీట ఒకటి ఉంటుంది. దాని పక్కన రెండే మాటలు... లోకల్, రిమోట్. మీట రిమోట్ వైపు ఉంటే దూరాన ఉన్న కంట్రోల్ రూమ్ మాట చెల్లుతుంది. లోకల్ వైపు తిప్పితే అక్కడ నిలబడ్డ మనిషి మాటే చెల్లుతుంది, ఎంత పెద్ద అధికారి ఎంత దూరం నుంచి నొక్కినా బ్రేకర్ కదలదు. కంప్యూటర్ల ప్రపంచం కిందామీదా పడి నేర్చుకుంటున్న పాఠం కరెంటువాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు!

ఎందుకు తెలుసంటే, అక్కడ తేడా వస్తే పోయేది ఫైలు కాదు, ప్రాణం. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ ‘ఎల్‌సీ’ తీసుకుంటాడు. అంటే లైన్ క్లియర్. ఆ లైన్‌కి సరఫరా ఆపాం, నువ్వు ఎక్కవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే మాట. పని ముగించి కిందికి దిగి తను ఎల్‌సీ వెనక్కి ఇచ్చేదాకా ఎవరూ లైన్ ఛార్జ్ చేయకూడదు. ఈ ఒక్క నియమం తప్పి, ఎల్‌సీ ఉండగానే కరెంటు వదిలితే స్తంభం మీదే ప్రాణాలు పోయిన లైన్‌మన్ల వార్తలు మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదూ! నిజానికి ఎల్‌సీ అంటే ఏమిటి? ‘ఇప్పుడు ఈ తీగ మీద పెత్తనం నాది, నేను తిరిగిచ్చేదాకా నీకు లేదు’ అని ఇద్దరు మనుషులు రాసుకునే ఒప్పందం.

రైతుల దగ్గరికి వద్దాం. సెల్‌ఫోన్‌తో మోటారు వేసే మొబైల్ స్టార్టర్లు తెలుగు పల్లెల్లో కొత్తేం కాదు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో పాములూ తేళ్ళూ తిరిగే గట్ల మీద టార్చి పట్టుకుని వెళ్ళే బాధ తప్పించిన పుణ్యం వాటిదే. ఇంట్లో మంచం మీద నుంచే ఒక్క కాల్ చేస్తే బావి దగ్గర మోటారు తిరుగుతుంది. బాగుంది. కానీ అదే సమయంలో తండ్రి బోరు దగ్గర మోటారు విప్పుతూ ఉంటే? పట్నంలో ఉన్న కొడుకు, నాన్న మర్చిపోయాడేమో అనుకుని ఫోన్ నొక్కితే? అందుకే మోటారు మీద చేయి వేసేముందు మెయిన్ దించేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోమంటారు అనుభవమున్న మెకానిక్కులు. జేబులో ఫ్యూజు ఉన్నంతసేపూ లోకలే రాజు.

రెండు బాణాల కథ

దూరం నుంచి కంప్యూటర్ తెరను పంచుకోవడం ఇంటర్నెట్ వచ్చాక పుట్టిందనుకుంటాం. కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సదస్సులో డగ్లస్ ఏంగెల్‌బార్ట్ అనే శాస్త్రవేత్త గంటన్నరపాటు తన కంప్యూటర్‌ని చూపించాడు. మౌస్‌ని బాహాటంగా లోకానికి చూపింది ఆ రోజే. అదే ప్రదర్శనలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మెన్లోపార్క్ ప్రయోగశాలలో ఉన్న సహోద్యోగి బిల్ పాక్స్‌టన్‌తో అదే తెరను పంచుకున్నాడు. ఇద్దరి గుర్తులూ ఒకే తెర మీద కనపడ్డాయి. అయితే ఇద్దరికీ సమాన హక్కులివ్వలేదు ఏంగెల్‌బార్ట్. పాక్స్‌టన్ చూడగలడు, వేలు పెట్టి చూపించినట్టు గుర్తుతో చూపించగలడు. మార్పులు చేసే అధికారం మాత్రం ఏంగెల్‌బార్ట్ చేతిలోనే! ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మొదటి రోజే పసిగట్టాడన్నమాట.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఒలివెట్టి పరిశోధనశాల వీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసి అందరికీ ఉచితంగా వదిలింది. ఎక్కడో ఉన్న కంప్యూటర్ తెరను మరో కంప్యూటర్ మీద బొమ్మలా చూపించడం, ఇక్కడి మౌస్ కదలికల్ని అక్కడికి పంపడం... దీని పని ఇంతే. ఆ బృందంలోని క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్ గురించి ఒక ముచ్చట చెప్పాలి. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో, కాఫీ ఉందో అయిపోయిందో కుర్చీలోంచి లేవకుండా తెలుసుకోవడానికి కాఫీ పాత్రకు కెమెరా పెట్టిన ఇద్దరిలో ఈయన ఒకడు. లేచి వెళ్ళకుండా పని జరగాలన్న కోరిక ఎంత పని చేయించిందో చూడండి!

వీఎన్‌సీలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. దూరం నుంచి కలిసే ప్రతివాళ్ళూ వచ్చీరాగానే ఒక మాట చెప్పాలి, ఇప్పటికే ఉన్నవాళ్ళతో కలిసి పంచుకుంటాను అనో, వాళ్ళను పంపేసి నాకొక్కడికే ఇవ్వు అనో. అవును, కాదు అనే ఒకే ఒక్క జవాబు. తగాదా రాకముందే తీర్పు అడుగుతుందన్నమాట. కానీ దూరం నుంచి వచ్చే ఇద్దరి సంగతే ఇది. మరి ఆ కంప్యూటర్ ముందు స్వయంగా కూర్చున్న మనిషి సంగతి? అతన్ని పంపేయలేం కదా!

‘నువ్వు మౌస్ వదిలెయ్ నాన్నా!’

ఇక్కడే మన ఇళ్ళలో రోజూ జరిగే కథ వస్తుంది. అబ్బాయి డాలస్‌లో. నాన్న కాకినాడలో. నాన్న కంప్యూటర్‌లో పింఛను కాగితం ప్రింటు రావట్లేదు. అక్కడ రాత్రి పదకొండింటికి అబ్బాయి టీమ్‌వ్యూయర్‌లో లోపలికి వస్తాడు. తర్వాత సంభాషణ ఎలా ఉంటుందో చాలామందికి కంఠతా వచ్చు.

‘‘నువ్వు మౌస్ వదిలెయ్ నాన్నా.’’

‘‘నేనెక్కడ పట్టుకున్నానురా? అదే కదులుతోంది.’’

‘‘అది నేను కదుపుతున్నా!’’

‘‘మరి నేను కదిపింది ఏది?’’

నవ్వులాటలా ఉన్నా తెర వెనక జరిగేది కాస్త తికమక వ్యవహారమే. కంప్యూటర్‌కి బాణం ఒక్కటే. వీఎన్‌సీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దూరంగా ఉన్నవారి మౌస్ నుంచి ‘కొంచెం కుడికి జరుపు’ అని కబురు రాదు, ‘బాణాన్ని ఫలానా చోట పెట్టు’ అని వస్తుంది. దగ్గరున్నవారు కదిపితే బాణం ఇక్కడికి, దూరంనుంచి కబురు రాగానే అక్కడికి గంతేస్తుంది. ఎవరి కబురు ఆఖర్న వస్తే వాళ్ళదే గెలుపు. పైగా డాలస్‌లో ఉన్న అబ్బాయికి కనపడే తెర ఇప్పటిది కాదు, నెట్ వేగాన్ని బట్టి కొద్ది క్షణాల కిందటిది. ఈలోపు నాన్న ఒక కిటికీ మూసేసి ఉంటే, అబ్బాయి నొక్కిన నొక్కు దాని వెనకున్న మరో దాని మీద పడుతుంది. ఒకరు ఫైలును పట్టుకుని లాగుతుండగా రెండోవారు కదిపితే అది దారిలో ఏ ఫోల్డర్‌లోనో జారిపడవచ్చు. ఇక వెతుక్కోవాలి!

తయారీదారులు దీనికి రకరకాల విరుగుళ్ళు కనిపెట్టారు. వీఎన్‌సీ కుటుంబానికే చెందిన టైట్‌వీఎన్‌సీలో ‘స్థానికులకే ముందు హక్కు’ అనే ఏర్పాటు ఉంది. దగ్గరున్న మనిషి మౌస్‌ని గానీ కీబోర్డుని గానీ తాకితే చాలు, కొన్ని సెకన్లపాటు దూరంనుంచి వచ్చే ఆదేశాల్ని పక్కన పెడుతుంది. చేయి తీశాక మళ్ళీ వాళ్ళకు అవకాశం. మన అభిప్రాయంలో ఇంట్లోవాళ్ళకు ఇంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు. పెద్దాయన మాట్లాడటం మొదలెడితే చిన్నవాళ్ళు ఆగినట్టు! అదే సాఫ్ట్‌వేర్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మీట కూడా ఉంది, దూరంనుంచి పని జరుగుతున్నంతసేపూ దగ్గరున్న మౌస్, కీబోర్డు మూగబోతాయి. ఏది వాడాలన్నది పనిని బట్టి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఈ రెండు అవసరాలనీ రెండు వేర్వేరు పేర్లతో విడగొట్టింది. రిమోట్ డెస్క్‌టాప్ మీ కంప్యూటర్‌ని మీరే దూరంనుంచి వాడుకోవడానికి. మీరు ఇంటినుంచి లాగిన్ అవగానే ఆఫీసులో తెర తాళం వేసుకుంటుంది. ఆఫీసులో ఎవరన్నా అదే పేరుతో కూర్చుంటే ఇంట్లో మీది తెగిపోతుంది. పంచుకోవడం లేదు, తగాదా లేదు. రిమోట్ అసిస్టెన్స్ మాత్రం సాయం చేయడానికి. ఇద్దరూ ఒకే తెర చూస్తారు. సాయం చేసేవారు పగ్గాలు అడగాలి, సాయం కోరినవారు ఒప్పుకోవాలి. వద్దనిపిస్తే ఎస్కేప్ మీట ఒక్కటి నొక్కితే చాలు, అవతలివారి చేయి తెగినట్టే. చూపించడం వేరు, చేతికివ్వడం వేరు అన్న తేడాని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పిన ఏర్పాటు అది. ఇప్పటి విండోస్‌లో ఉన్న క్విక్ అసిస్ట్ కూడా అదే బాట, తెర చూడటానికి ఒకసారి, పగ్గాలు తీసుకోవడానికి మరోసారి అనుమతి అడుగుతుంది.

ఆఫీసుల్లో ఇంకోటుంది, ‘షాడో’. ఉద్యోగి పనిచేసుకుంటున్న తెరలోకి అడ్మినిస్ట్రేటర్ తొంగిచూడటం, అవసరమైతే చేయి పెట్టడం. మామూలుగా ఉద్యోగిని అడిగే లోపలికి వస్తుంది. కానీ ఆ అడగడాన్ని సంస్థ ఆపేసుకునే వీలు కూడా సెట్టింగుల్లోనే ఉంది. 2020లో కొవిడ్ వచ్చి ఇల్లే ఆఫీసు అయ్యాక ఇలాంటి వాటి గురించి జనం మాట్లాడుకోవడం మొదలైంది. మీ ఆఫీసు కంప్యూటర్‌లో ఏ పద్ధతి ఉందో మీ ఐటీ విభాగాన్ని అడిగి చూడండి. అడిగితే తప్పేం లేదు.

‘ఐ హ్యావ్ కంట్రోల్’

ఇద్దరు మనుషులు, ఒకే యంత్రం. ఈ చిక్కుని అందరికన్నా గట్టిగా పట్టించుకుంది విమానాలవాళ్ళు. పెద్ద ప్రయాణికుల విమానాల కాక్‌పిట్‌లో రెండు జతల మీటలుంటాయి. ఒకరి నుంచి ఒకరికి పగ్గాలు మారేటప్పుడు తీసుకునే పైలట్ ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అనాలి, ఇచ్చే పైలట్ ‘యూ హ్యావ్ కంట్రోల్’ అనాలి. శిక్షణ మొదటి రోజుల నుంచే ఇది నాలుక మీద ఉండేలా నేర్పుతారు. ఎయిర్‌బస్ విమానాల్లో ఇద్దరి పక్కనా ఉండే చిన్న కర్రల్లాంటి మీటలు ఒకదానికొకటి ముడిపడి ఉండవు. ఒకరు కదిపితే రెండోది కదలదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే కంప్యూటర్ రెండిటినీ కలిపి లెక్కేస్తుంది. ఒకరు పైకి, ఒకరు కిందికి అంటే విమానం ఎటూ కాకుండా పోతుంది. అందుకే ‘డ్యుయల్ ఇన్‌పుట్’ అని గొంతు హెచ్చరిస్తుంది. మీట మీదున్న బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే రెండోవారి మీట పనిచేయదు.

ఇంత ఏర్పాటున్నా 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్‌ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్‌లో కూలి 228 మంది చనిపోయారు. వేగం కొలిచే గొట్టాల్లో మంచు గడ్డకట్టడంతో మొదలై, కారణాలు చాలా ఉన్నాయి. వాటి మధ్య దర్యాప్తు నివేదిక నమోదుచేసిన ఒక చిన్న విషయం మన కథకు సంబంధించింది. ఆఖరి నిమిషాల్లో ఎడమ సీటు పైలట్ పగ్గాలు తీసుకున్నాడు. వెంటనే కుడి సీటు పైలట్ మాటైనా చెప్పకుండా తిరిగి లాక్కున్నాడు.

డేటా సెంటర్ల నిర్వాహకులు కూడా దాదాపు ఇదే క్రమశిక్షణ పెట్టుకున్నారు. వందలాది సర్వర్ల కన్సోళ్ళను ఒకచోటికి చేర్చే కన్‌సర్వర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్వర్‌కి రాసే హక్కు ఒక్కరికే. మిగతావాళ్ళు అదే తెరను చూడవచ్చు, టైపు చేయలేరు. హైదరాబాద్ నుంచి ఒకరు, వేరే దేశం నుంచి ఒకరు ఒకే సర్వర్‌ని సరిచేస్తున్నా ఒకరి ఆదేశంలోకి ఇంకొకరి అక్షరాలు చొరబడవు. అత్యవసరమైతే బలవంతంగా హక్కు లాక్కోవచ్చు. అయితే దొంగచాటుగా కాదు, ఫలానావారు మీ నుంచి పగ్గాలు తీసుకున్నారని పాతవారి తెరమీద పేరుతో సహా పడుతుంది. ఆ పేరు పడటమే అసలు రక్షణ అంటాను. పేరు పడుతుందంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగి, ముందు ఫోన్ చేసి అడుగుతారు.

ఆ చేయి ఎవరిది?

పేరు పడకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఓల్డ్స్‌మార్‌ని అడగాలి. ఫ్లోరిడాలో సుమారు 15 వేల జనాభా ఉన్న చిన్న పట్నం. 2021 ఫిబ్రవరి 5న అక్కడి మంచినీటి శుద్ధి కేంద్రంలో ఉదయం ఎనిమిదింటికి ఆపరేటర్ తెరమీదకు ఎవరో దూరంనుంచి వచ్చిపోయారు. ఆయన పట్టించుకోలేదు. పై అధికారులు అలా రావడం మామూలేనట. మధ్యాహ్నం ఒకటిన్నరకు బాణం మళ్ళీ కదిలింది. ఈసారి కొన్ని నిమిషాలపాటు అటూ ఇటూ తిరిగి, నీళ్ళలో కలిపే సోడియం హైడ్రాక్సైడ్, అదే కాస్టిక్ సోడా మోతాదును పది లక్షల పాళ్ళకు 100 నుంచి 11,100 పాళ్ళకు పెంచేసింది! ఆపరేటర్ వెంటనే దాన్ని మళ్ళీ 100కి తెచ్చాడు. నీళ్ళు జనానికి చేరకముందే ఆపాడు. దూరంనుంచి రావడానికి అక్కడ వాడుతున్నది టీమ్‌వ్యూయర్.

మూడు రోజుల తర్వాత షెరిఫ్ విలేకరుల సమావేశం పెట్టి ఈ సంగతి చెప్పగానే ప్రపంచమంతా హ్యాకర్ల దాడి అని గగ్గోలెత్తింది. కథ అక్కడితో అయిపోలేదు. తమకు ఆధారాలు దొరకలేదని, బయటివారు గురిపెట్టి చేసిన దాడి అని నిర్ధారించలేకపోయామని ఎఫ్‌బీఐ తర్వాత చెప్పింది. అప్పట్లో ఆ పట్నం పాలనాధికారిగా ఉన్న ఆయన 2023లో ఇంకో అడుగు ముందుకేసి, అది బహుశా లోపలి ఉద్యోగి పొరపాటే అన్నాడు.

అంటే... అన్నాళ్ళ దర్యాప్తు తర్వాత కూడా ఆ మౌస్ కదిపిన చేయి ఎవరిదో ఖాయంగా చెప్పలేని పరిస్థితి! ఇద్దరు పంచుకునే కన్సోల్‌తో ఉన్న అసలు తంటా ఇదే. కంప్యూటర్ లోపలికి చేరాక దగ్గరి నొక్కూ, దూరపు నొక్కూ ఒకేలా ఉంటాయి. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డుతో పదిమంది వాడుతుంటే చిట్టాలో పడేది ఒక్క పేరే. దర్యాప్తుకే కాదు, నిజాయితీగా పనిచేసే ఉద్యోగికీ ఇది ప్రమాదమే. నేను నొక్కలేదండీ అని రుజువు చేసుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. మన దగ్గర ఎన్ని ఆఫీసుల్లో కంప్యూటర్ పక్కన పసుపు చీటీ మీద అందరికీ ఒకే పాస్‌వర్డు రాసి అంటించి ఉంటుందో తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం...

ఉక్రెయిన్, ఫ్లోరిడా దూరం. మన జేబులో ఫోన్ దగ్గర. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దేశంలోని బ్యాంకులన్నిటినీ హెచ్చరించింది. మోసగాళ్ళు ఎనీడెస్క్ అనే యాప్ వేసుకోమంటున్నారు, దాన్లో కనపడే తొమ్మిదంకెల కోడ్ అడుగుతున్నారు, ఆ తర్వాత ఖాతా ఖాళీ చేస్తున్నారని. ఆ యాప్ తప్పేం లేదు. 2014లో జర్మనీలో మొదలైన సంస్థది, లక్షలమంది ఐటీ ఉద్యోగులు నిత్యం వాడేది. కూరలు తరిగే కత్తి దొంగ చేతిలో పడిందంతే.

వీళ్ళ పద్ధతి గమనించండి. కేవైసీ ఆగిపోయిందనో, కరెంటు బిల్లు కట్టలేదనో, రిఫండ్ రావాలనో ఫోన్ చేస్తారు. ‘మీకు తెలియకపోతే పర్లేదు సార్, నేను చేసిపెడతాను’ అంటారు. ఆ మాటలోనే ఉంది కిటుకంతా. మన పిల్లలు అలా చేసిపెట్టడం మనకు అలవాటే కాబట్టి అనుమానం రాదు. వాళ్ళకు మౌస్ పట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు, తెర కనపడితే చాలు. మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ మీతోపాటే వాళ్ళూ చదువుతారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు ఎన్నేళ్ళుగా చెప్పాయో కదా, ఇక్కడ చెప్పనవసరమే లేదు! యాప్ దాకా వెళ్ళకుండా వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ నొక్కించేవాళ్ళూ ఉన్నారు.

కంప్యూటర్ల మీదైతే ఇంకో ఎత్తు. దూరంనుంచి పనిచేసేవారు దగ్గరున్న తెరను నల్లగా చేసే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. నిజానికి అది మంచికోసం పెట్టింది, మీరు ఇంటినుంచి పనిచేస్తుంటే ఆఫీసులో దారినపోయేవాళ్ళు మీ తెర చూడకుండా. మోసగాడి చేతిలో అదే పరదా అవుతుంది. ‘అప్‌డేట్ అవుతోంది, కాసేపు తాకవద్దు’ అంటాడు. ఆ పరదా వెనక ఏం జరుగుతోందో యజమానికి తెలియదు.

అందుకే కొన్ని బ్యాంకు యాప్‌లు ఇప్పుడు ఫోన్లో తెర పంచుకునే యాప్ నడుస్తుంటే తెరుచుకోనంటున్నాయి. కొన్ని తమ పేజీ అవతలివారికి నల్లగా కనపడేలా చేసుకున్నాయి. అంతమాత్రాన ధీమా పడలేం. ఫోన్ చేసినవారు ఎంత పెద్ద సంస్థ పేరు చెప్పినా, వాళ్ళంతట వాళ్ళు చేసిన కాల్‌లో యాప్ వేసుకోమంటే పెట్టేయడమే. సాయం కావాల్సినప్పుడు మనం చేయాలి, మనకు తెలిసిన నంబరుకి. అబ్బాయికి తెర చూపించాల్సి వస్తే ముందు చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చి, అవసరమైతేనే పగ్గాలివ్వండి. పని అవగానే సెషన్ ముగిసిందో లేదో ఇద్దరూ చూసుకోండి. ఎప్పుడైనా ఇవతలివారు అనుమతి నొక్కకుండానే లోపలికి వచ్చేలా ‘అనటెండెడ్ యాక్సెస్’ పెట్టి మర్చిపోతే, వాడని తలుపు తీసి ఉంచినట్టే.

పొరపాటున ఇచ్చేశారా? బాణం తనంతట తాను కదులుతోందా? మౌస్‌తో కుస్తీ పట్టకండి, ఉక్రెయిన్ ఆపరేటర్‌కి అది పనికిరాలేదు. వైఫై పెట్టె స్విచ్ కట్టేయండి, నెట్ తీగ పీకేయండి, ఫోన్ అయితే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. నెట్ లేకపోతే అవతలి చేయి ఎంత పొడవైనా చేరదు. తర్వాత ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ యాప్ తీసేశాక, వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చండి. పాత ఫోన్ మీద నమ్మకం కుదరకపోతే దాన్ని పూర్తిగా రీసెట్ చేయించాకే మళ్ళీ నెట్‌కి కలపండి.